ఆరో స్థానం కుర్రాడి తప్పులు

నేను కొన్నేళ్ళపాటు ఇతరుల తప్పులు రాసే ఉద్యోగం చేశాను, అదీ జీతానికి. వినడానికి బాగుండదు గానీ, ఉన్నమాట అదే.

కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్ నుంచి తూర్పుకి వెళ్ళి, గాలిమరలు తిరిగే కొండ దాటితే ఒక పెద్ద లోయ వస్తుంది. ఆ లోయలో ఒక చిన్న పట్టణానికి బేస్‌బాల్ జట్టు ఉండేది. దానికి నేను అఫీషియల్ స్కోరర్‌ని. పేరు పెద్దదే గానీ చేసేది పార్ట్ టైమ్ పని. వారమంతా ఫ్రీమాంట్‌లో ఒక గోడౌన్‌లో స్టాకు లెక్కలు చూసేవాడిని. జట్టు సొంత ఊళ్ళో ఆడే రోజుల్లో, పని అయ్యాక కారేసుకుని కొండ దాటేవాడిని.

మీలో చాలామందికి క్రికెట్ తెలుసు, బేస్‌బాల్ తెలియకపోవచ్చు. అందుకని ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. క్రికెట్‌లో ఫీల్డరు బంతి వదిలేస్తే బౌలరు తిడతాడు, కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుంటాడు, అంతటితో సరి. స్కోరు పుస్తకంలో ఆ తప్పు ఎక్కడా పడదు. బేస్‌బాల్‌లో అలా కాదు. బ్యాటర్ బంతి కొట్టి పరుగెత్తి మొదటి బేస్, అంటే దారిలో మొదటి మజిలీ, చేరితే, అది అతని గొప్పా, ఫీల్డర్ తప్పా అని ఎవరో ఒకరు తేల్చాలి. గొప్ప అయితే హిట్, తప్పయితే ఎర్రర్. తేల్చేది అంపైర్ కాదు, పైన గదిలో కూర్చున్న స్కోరర్. నేను ఎర్రర్ అన్న మరుక్షణం మైదానం అవతల పెద్ద బోర్డు మీద ఎర్రర్‌కి గుర్తుగా 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం వెలుగుతుంది. కొన్నివేలమంది చూస్తుండగా ఒక కుర్రాడి తప్పు దీపాలతో పడుతుంది.

దీనికి నిబంధన ఒక్కటే. మామూలు ప్రయత్నంతో అందాల్సిన బంతి అందకపోతే తప్పు. అసాధారణంగా ప్రయత్నిస్తే తప్ప అందని బంతి అయితే తప్పు కాదు. ఆ "మామూలు" ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేదు.

నాకీ పని ఎలా దొరికిందంటే, చదువు వల్ల మాత్రం కాదు. డిగ్రీ మధ్యలో ఆపేశాను. గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో తూకాలు రాసేవాడిని. ఆదివారాలు జిల్లా క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరు రాసేవాడిని. మా ఆవిడ నర్సు, ఆమె ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాం. గోడౌన్‌లో తోటి పనివాడు ఒకసారి ఆటకి తీసుకెళ్తే, ఊరికే కూర్చోలేక చేతిలో ఉన్న కాగితం మీద ఆటంతా నాకు తోచినట్టు రాసుకున్నాను. ఆ తర్వాత లైబ్రరీలో రూల్స్ పుస్తకం తెచ్చుకుని చదివాను. అర్థం కానిది మళ్ళీ చదివాను. రెండు మూడేళ్ళు జనంలో కూర్చుని నా స్కోరు, బోర్డు మీద స్కోరు పోల్చి చూసుకున్నాను. పాత స్కోరర్ మానేసినప్పుడు ఆ జీతానికి వచ్చేవాళ్ళు ఎవరూ దొరకలేదు. నేను దొరికాను.

లెక్కల మనిషికి ఆ కాగితం మహా ఇష్టంగా ఉంటుంది. అందులో ఆటగాళ్ళకి పేర్లుండవు, నిలబడే స్థానాన్ని బట్టి అంకెలే. రెండో బేస్ దగ్గర ఉండేవాడు నాలుగు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, అందరికంటే ఎక్కువ బంతులు వచ్చే చోట ఉండేవాడు ఆరు. అతన్ని షార్ట్‌స్టాప్ అంటారు. ఆరు తప్పు చేస్తే 'ఈ-ఆరు' అని రాస్తాం. ఆ ఆరు నల్లవాడా తెల్లవాడా అన్నది కాగితానికి తెలియదు.

జనానికి మాత్రం తెలుస్తుంది.

ఇళ్ళ ధరలు కుప్పకూలిన వేసవి అది. ఆ పట్టణంలో వీధికి నాలుగైదు ఇళ్ళ ముందు బ్యాంకువాళ్ళ జప్తు బోర్డులు ఉండేవి. టిక్కెట్టు చవక కాబట్టి జనం మాత్రం ఆటకి బాగానే వచ్చేవాళ్ళు, కోపం కూడా వెంట తెచ్చుకునేవాళ్ళు. ఆ ఏడు మా జట్టుకి ఇద్దరు కొత్త కుర్రాళ్ళొచ్చారు. ఒకడు అమెరికా దక్షిణాది రాష్ట్రం నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. షార్ట్‌స్టాప్. ఇరవై నిండాయో లేదో. రెండోవాడు ఆ లోయలోనే పుట్టి పెరిగిన తెల్లకుర్రాడు. షార్ట్‌స్టాప్ ఆడేవాడు, రెండో బేస్ కూడా ఆడేవాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఒకే పాత కారులో వచ్చేవాళ్ళు. ఈ కథలో వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ తగువు లేదు. తగువంతా చూసేవాళ్ళది.

మా గదికి ఏసీ సరిగ్గా పనిచేసేది కాదు, కిటికీ తీసే ఉంచేవాళ్ళం. కింద రోజూ వచ్చే అభిమానుల కుర్చీలు. వాళ్ళ మాటలన్నీ మాకు వినబడేవి. ఒకాయన తన ఐస్ పెట్టె మూత మీద కొడుతూ అరిచేవాడు. ఆయనకి రెండు వరసల వెనక ఒక నల్లజాతి పెద్దావిడ ఎండకి గొడుగు పట్టుకుని కూర్చునేది. పోస్టాఫీసులో పనిచేసి మానేసిందట.

మొదటి నెలలో మా షార్ట్‌స్టాప్ ఒక తేలిక బంతి వదిలాడు.

"వంగడానికి కూడా బద్ధకమే! పుట్టుకతో వచ్చిన ఒళ్ళు, బుర్ర మాత్రం లేదు!" అన్నాడు పెట్టె ఆయన.

"నిన్న ఆ రెండో అబ్బాయి ఇట్లాంటిదే వదిలాడు. అప్పుడు ఏమన్నావు నాయనా?" అంది గొడుగావిడ.

"అది వేరమ్మా. నిన్న బంతి పిచ్చిగా ఎగిరింది."

"బంతికి కూడా మనుషులు తెలుస్తారన్నమాట."

చుట్టూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మర్నాడు మళ్ళీ అదే మాట అన్నాడు.

నెలలు గడిచేకొద్దీ ఈ తేడా ఎంత పద్ధతిగా నడిచేదో చూశాను. ఒకే రకం తప్పు. తెల్లకుర్రాడు చేస్తే "అతిగా కష్టపడుతున్నాడు, పాపం". నల్లకుర్రాడు చేస్తే "ధ్యాస లేదు". ఆ అబ్బాయి తప్పు చేశాక తల దించుకుంటే పశ్చాత్తాపం, ఈ అబ్బాయి తల దించుకుంటే పొగరు. లెక్క చూస్తే ఇద్దరి తప్పులూ దాదాపు సమానం. బోర్డు మీద ఇద్దరికీ అదే అక్షరం. కింద కుర్చీల్లో మాత్రం రెండు భాషలు.

ఆ మాటలు మనవాళ్ళ నోట వినకుండా ఉంటే ఇది ఇక్కడ రాసేవాణ్ణి కాదేమో.

శాన్ రామన్‌లో నాకొక మిత్రుడు ఉండేవాడు. మాది గుంటూరు, అతనిది వరంగల్. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. ఆ వేసవి ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి, మనసు బాగుండక శనివారాలు కూతుర్ని తీసుకుని ఆటకి వచ్చేవాడు. కారు వెనక ఆ ఏడు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న నల్లజాతి నాయకుడి స్టిక్కర్ అంటించుకున్నాడు. ఆట అయ్యాక పార్కింగ్‌లో డిక్కీ తెరిచి, వాళ్ళావిడ పంపిన పులిహోర తినేవాళ్ళం.

"ఏందన్నా గీ పోరడు, కాళ్ళల్లకెల్లి పోనిచ్చిండు?" అన్నాడు ఒక శనివారం. "వీళ్ళకి టాలెంట్ మస్తుంటది అన్నా. డిసిప్లిన్ ఉండదు."

కూతురు కాలేజీలో చదువుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. ప్లేటు పక్కన పెట్టింది.

"డాడీ, వీళ్ళు అంటే ఎవరు?"

"ఎవరంటే... ప్లేయర్సు."

"నో. ఆ ఇంకో గై మిస్ చేస్తే నువ్వు 'వీళ్ళు' అనలేదు. 'పాపం నర్వస్ అయిండు' అన్నావ్. ఐ హర్డ్ యూ."

"కాలేజీకి పోయినంక నీకు ప్రతిదీ పాలిటిక్సే కనబడుతది. నా కారు మీద స్టిక్కర్ జూడలే?"

"స్టిక్కర్ కాదు డాడీ. నీ లాస్ట్ రివ్యూలో మీ మేనేజర్ ఏం రాశాడు? కమ్యూనికేషన్ ఇష్యూ. ఆ ఇంకో అంకుల్ సేమ్ మిస్టేక్ చేస్తే గుడ్ లెర్నింగ్ అన్నాడు. నువ్వే కదా, డిన్నర్‌లో రోజూ అదే చెప్పావ్. మమ్మీ కూడా ఏడిచింది."

మిత్రుడి ముఖం ఎర్రబడింది. "అదీ ఇదీ ఒకటేనా?"

"హౌ ఈజ్ ఇట్ డిఫరెంట్?"

"నేను నిజంగ కష్టపడ్డ."

"అతను కష్టపడట్లేదు అని నీకు ఎలా తెలుసు?"

అతను నావైపు తిరిగాడు. "అన్నా, మీరు లెక్కల మనిషి. మీరన్నా చెప్పుండ్రి ఈ పిల్లకి."

నేను చెప్పాను, కానీ పిల్లకి కాదు, అతనికి. ఇద్దరి తప్పులూ దాదాపు సమానమని, రాసేది నేనే కాబట్టి నాకు తెలుసునని. అతను శ్రద్ధగానే విన్నాడు. పులిహోర డబ్బా మూత పెట్టాడు.

"లెక్కలు గట్లనే ఉంటయ్ అన్నా. కంటికి కనబడేది వేరే" అన్నాడు.

అంకెలు చూపిస్తే మనుషులు మారతారనే నమ్మకంతో బతికినవాణ్ణి నేను. ఆ రోజు కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే, నా చేతిలో ఇంక వేరే ఆయుధం ఏదీ లేదని తెలిసింది.

ఆఖరి నెలలోకి వచ్చాం. మా జట్టు ఒక మెట్టు లాంటిది. ఎవరిని పై మెట్టుకు పంపాలో, ఎవరిని ఇంటికి పంపాలో మా జట్టుని నడిపించే పెద్ద జట్టువాళ్ళు తేలుస్తారు. రెండో బేస్‌లో ఆడే పాత ఆటగాడికి చెయ్యి విరిగింది కాబట్టి కొన్ని వారాలుగా మా కుర్రాళ్ళిద్దరూ మైదానంలోనే ఉన్నారు, నల్లకుర్రాడు ఆరులో, తెల్లకుర్రాడు నాలుగులో. ఆ పాత ఆటగాడికి నయమైంది. అతను తిరిగి వస్తే ఈ ఇద్దరిలో ఒకడికే చోటు.

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యే ముందు మా మేనేజరు గదికి వచ్చాడు. టిక్కెట్లు, బీర్లు, జీతాలు చూసుకునే ఆఫీసు మేనేజరు. చెడ్డవాడు కాదు, ఎప్పుడూ అలిసిపోయి ఉండేవాడు.

"పెద్ద జట్టు మనిషి వచ్చాడు. అదిగో, గడ్డి టోపీ. ఈ వారమే తేల్చేస్తారట. ఇద్దరిలో ఒకడికి బస్సు టిక్కెట్టు" అన్నాడు.

గదిలో నా పక్కన బోర్డు మీటలు నొక్కే ఆవిడ కూర్చునేది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి, నాకంటే కాస్త పెద్దది. పండ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసింది. నా కళ్ళజోడు చూసి నన్ను 'ప్రొఫెసర్' అని ఏడిపించేది. మా షార్ట్‌స్టాప్ అంటే ఆవిడకి ప్రాణం. లోపలికి వచ్చేటప్పుడు రోజూ కిటికీ కిందకి వచ్చి "గుడ్ ఆఫ్టర్‌నూన్, మేడమ్" అనేవాడు. ఆ జట్టులో ఇంకెవరూ అలా అనలేదట.

మేనేజరు మాట విని ఆవిడ మెడలో గొలుసు ముట్టుకుంది.

బేస్‌బాల్ ఆటలో తొమ్మిది చిన్న ఇన్నింగ్స్ ఉంటాయి. మూడో ఇన్నింగ్స్‌లో ఎడమ చేతివైపు, మూడో బేస్‌కి దగ్గరగా, ఒక బంతి తుపాకి గుండులా వెళ్ళింది. మా కుర్రాడు నాలుగు అంగల్లో అక్కడికి చేరి గాల్లోకి పడ్డాడు. బంతి అందింది. లేచి విసరబోతుంటే చేతిలోంచి జారింది. బ్యాటరు మొదటి బేస్ చేరిపోయాడు.

"ఎర్రర్! చేతికొచ్చింది జారవిడిచాడు!" పెట్టె మూత మోగింది. ఒక మూల మొదలై ఆ అరుపు స్టాండంతా పాకింది.

"ఏ షార్ట్‌స్టాప్ అక్కడిదాకా వెళ్ళేవాడు? చెప్పు!" గొడుగావిడ గొంతు దాదాపు వినబడలేదు.

"హిట్" అన్నాను. బోర్డు ఆవిడ మీట నొక్కింది. బోర్డు మీద హిట్ వెలిగింది. జనం మా కిటికీవైపు తిరిగి ఊళ వేశారు. అది అసాధారణ ప్రయత్నం. రూల్స్ పుస్తకం చదివిన ఎవడైనా అదే అంటాడు.

ఏడో ఇన్నింగ్స్. ఒక నెమ్మది బంతి, సూటిగా మా కుర్రాడి మీదికే వచ్చింది. గుంటూరులో పదేళ్ళ పిల్లలు ఆపే బంతి. అతను వంగాడు. బంతి కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది.

ఆవిడ నావైపు చూసింది.

"ఎండ కళ్ళల్లో పడిందేమో, ప్రొఫెసర్."

"ఎండ మన వెనక ఉంది."

"ఒక్కసారికి అలా అనుకోవచ్చు కదా."

"అనుకోవచ్చు. రాయలేం. ఈ-ఆరు."

ఆవిడ మీట నొక్కింది. నొక్కాక చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కింద వాళ్ళు అన్న మాటలు నేను ఇక్కడ రాయను. టోపీ ఆయన ఏదో రాసుకోవడం కనబడింది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో దాదాపు అలాంటి బంతే రెండో బేస్ దగ్గర తెల్లకుర్రాడి మీదికి వెళ్ళింది. నెమ్మదైన బంతి. అతని గ్లోవ్ అంచుకి తగిలి పక్కకి దొర్లిపోయింది. స్టాండ్ చప్పట్లు కొట్టింది. "పరవాలేదురా అబ్బాయ్! మంచి ప్రయత్నం!"

"ఈ-నాలుగు" అన్నాను.

బోర్డు మీద ఎర్రర్ వెలిగాక చప్పట్లు ఆగిపోయాయి. తర్వాత వచ్చిన అరుపులు మూడో ఇన్నింగ్స్ అరుపులకంటే పెద్దవి. ఎవరో కాగితం కప్పు మా కిటికీకేసి విసిరారు. ఆ వారం శనివారం బదులు ఆదివారం వచ్చిన నా శాన్ రామన్ మిత్రుడు, కూతురు కింద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. పిల్ల లేచి నిలబడి మా కిటికీవైపు చూసి చప్పట్లు కొట్టింది, ఒక్కతే. తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆట అయ్యాక మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. స్కోరరు తన తీర్పు మార్చుకోవడానికి ఒక రోజు గడువుంటుంది. బేస్‌బాల్‌లో అది తప్పేమీ కాదు, అలవాటే. మళ్ళీ ఆలోచించి మార్చినవి నావీ ఉన్నాయి.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కోచ్‌తో మాట్లాడాను. అతనికీ సమ్మతమే. ఏడోదీ ఎనిమిదోదీ, రెండూ హిట్ చేసెయ్. ఇద్దరి మీదా మరక ఉండదు. ఒకడికి మేలు చేసి ఇంకొకడికి కీడు చేశావని ఎవరూ అనరు. సాయంత్రం పైకి వెళ్ళే కాగితం శుభ్రంగా ఉంటుంది."

"ఆ టోపీ ఆయన కళ్ళారా చూశాడు కదా."

"ఆయనొక్కడే చూశాడు. ఆఫీసులో మిగతావాళ్ళు చూసేది కాగితమే. ఇద్దరూ పిల్లలే కదా. కాస్త దయ చూపించు."

మాట న్యాయంగానే ఉంది. రెండు వైపులా ఒక్కొక్కటి తీసేస్తే తేడా మారదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా కుర్రాడు ఇంటికి పోకూడదని నాకు గట్టిగా ఉంది. ఆవిడ మీటల మీద గుడ్డ కప్పుతూ, "చెయ్యండి ప్రొఫెసర్. ఇద్దరికీ మంచిదే కదా" అంది. నేను పెన్సిల్ తీసుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర అడుగుల చప్పుడయింది. ఆటగాళ్ళు మా గదికి రారు. రాకూడదని రూలేమీ లేదు, ఎవరూ రారు అంతే. మా షార్ట్‌స్టాప్ వచ్చాడు. స్నానం చేసి మామూలు బట్టల్లో ఉన్నాడు. అంత దగ్గరగా అతన్ని చూడటం అదే మొదటిసారి. మోచేతికి మూడో ఇన్నింగ్స్ గాయం.

"సర్, కోచ్ చెప్పాడు, నా ఏడోది మారుస్తున్నారని."

"మార్చమంటున్నారు."

"అది నా తప్పే, సర్. ఆ బంతి మా చెల్లెలు కూడా ఆపుతుంది."

మేనేజరు నవ్వాడు. "నీకే సాయం చేస్తున్నాంరా నాయనా. వాడిదీ తీసేస్తున్నాం."

కుర్రాడు నాకే చెప్పాడు. "నాకు కోపమేం లేదు, సర్. వాడు నా స్నేహితుడు. కానీ మీరు రెండూ తీసేస్తే, వాడిది రేపటికల్లా అందరూ మర్చిపోతారు. నాది ఎవరూ మర్చిపోరు. మేమిద్దరం ఒకటిగా ఉండేది మీ కాగితం మీద ఒక్కటే. అక్కడ కూడా లేకుండా చెయ్యకండి."

అంత నెమ్మదిగా మాట్లాడేవాడి నోట అంత పొడుగు మాట వస్తుందని నేను అనుకోలేదు. అతనూ అనుకోలేదేమో, చెప్పాక తలుపు చెక్క పట్టుకున్నాడు.

"ఇది నీ ఉద్యోగంరా" అన్నాను. "తెలిసే అంటున్నావా?"

"అవును సర్. వాడిది ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే నాదీ ఉండనివ్వండి."

"గుడ్ ఈవెనింగ్, మేడమ్" అని ఆవిడకి చెప్పి మెట్లు దిగిపోయాడు. నేను పెన్సిల్ కింద పెట్టేశాను. ఆ సాయంత్రం కాగితం ఉన్నదున్నట్టుగా పైకి వెళ్ళింది.

గురువారం అతన్ని ఇంటికి పంపేశారు.

మేనేజరు నాకు ఫోన్ చేసి తనే చెప్పాడు. ఆ మర్యాద చేశాడు. "నీ ఎర్రర్ వల్ల కాదు, మనసులో పెట్టుకోకు. లెక్కల్లో ఇద్దరూ సమానంగానే ఉన్నారట. ఈ అబ్బాయి తప్పు చేశాక నిలబడే తీరు బాగాలేదన్నారు." నిలబడే తీరు. దాన్ని రాయడానికి నాకు అంకె లేదు, వాళ్ళకి అవసరమూ లేదు.

బోర్డు ఆవిడ నాతో పనిమాటలు తప్ప మాట్లాడటం మానేసింది. ఒకరోజు మాత్రం అంది, "మార్చి ఉంటే ఉండేవాడేమో." ఉండేవాడేమో. నేను దాన్ని ఎన్నో విధాలుగా లెక్కవేశాను. మార్చి ఉంటే కాగితం మీద వాళ్ళు సమానమే, మార్చకపోయినా సమానమే. తేల్చింది కాగితం కాదు. కానీ ఈ తర్కం అంతా, బస్సులో రెండు రోజులు ప్రయాణం చేసి ఇంటికి వెళ్ళిన కుర్రాడికి ఏ ఉపయోగమూ లేదు. అతను అడిగింది ఒక్కటే ఇచ్చాను. అది చాలదని మా ఇద్దరికీ తెలుసు.

మీలో చాలామంది స్కోరర్లు కాబోరు. కానీ మీరు ఏ ఆఫీసులో ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకరి పని మీద నాలుగు మాటలు రాయాల్సి వస్తుంది. అప్పుడు ఒక పని చెయ్యండి. రాసిన మాట పక్కన ఇంకొకరి పేరు పెట్టి చదివి చూడండి. అదే తప్పుకి ఆ రెండో మనిషి విషయంలో వేరే మాట వాడేవాళ్ళయితే, పెన్ను కింద పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. ఇది పెద్ద జ్ఞానమేం కాదు. దీనితో నేను ఎవరినీ కాపాడలేకపోయానని ముందే చెప్పాను. అయినా చెయ్యండి.

నేను ఆ తర్వాత కూడా నాలుగైదేళ్ళు ఆ గదిలోనే కూర్చున్నాను. షుగరు వల్ల చూపు తగ్గాక మానేశాను, బంతి కనబడనివాడు తీర్పు చెప్పకూడదు కాబట్టి. ఆ కుర్రాడు మళ్ళీ ఎక్కడైనా ఆడాడేమోనని వెతికాను. నాకు కనబడలేదు.

అతను వెళ్ళాక వచ్చిన రెండో శనివారం నా మిత్రుడు ఆటకి ఒంటరిగా వచ్చాడు. పిల్ల కాలేజీకి తిరిగి వెళ్ళిపోయిందట, వెళ్ళేముందు తండ్రితో సరిగ్గా మాట్లాడలేదట. గొడుగావిడ కుర్చీ ఖాళీగా ఉంది. రెండో బేస్‌కి పాత ఆటగాడు తిరిగి వచ్చాడు, తెల్లకుర్రాడు షార్ట్‌స్టాప్‌గా నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇప్పుడు ఆ పాత కారులో అతనొక్కడే వస్తున్నాడు.

ఐదో ఇన్నింగ్స్‌లో ఒక బంతి మూడో బేస్‌వైపు గట్టిగా వెళ్ళింది. కుర్రాడు రెండడుగులు వేసి ఆగిపోయాడు. అందులో అతని తప్పేమీ లేదు, అది అతనికి అందే బంతి కాదు. అది పచ్చికలోకి దూసుకుపోయింది.

"ఎవరికీ అందేది కాదులే! నువ్వు బాగానే ఆడుతున్నావు!" పెట్టె ఆయన మూత మీద కొట్టాడు.

నా మిత్రుడు కుర్చీలో వెనక్కి తిరిగి కిటికీవైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ అర్థం కాని భాషలో, అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు.

"అన్నా, ఆ పోరడైతే అందుకుంటుండె."

బోర్డు ఆవిడ నావైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది. "ఏమంటున్నాడు?"

చెప్పాను.

ఆవిడ చెయ్యి మీటల మీద ఆగింది. "మరి ఏం వెయ్యమంటారు?"

"హిట్" అన్నాను.